తీసేసినదా, తిన్నదా? మాంసమే భోజనమైన జీవితాలు చెప్పేది
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో బెంగళూరులో చేసిన ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమని పిలిచినవారు విషయం ఎంచుకునే స్వేచ్ఛ నాకే వదిలేశారు. నేను ఎంచుకున్నది కొందరికి వింతగా తోచవచ్చు. అన్నం, రొట్టె, పప్పు, కూరగాయ, పండు, ఏదీ ముట్టకుండా మాంసం, గుడ్లు, కొవ్వు మీదే ఏళ్ళ తరబడి బతికే మనుషుల అనుభవం గురించి ఈ పూట మాట్లాడతాను. ఈ నగరంలో ఇప్పుడు అలాంటివారు అరుదేమీ కాదు. ఐటీ కంపెనీల క్యాంటీన్లలో, జిమ్ముల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో కూడా ఈ మాట వినబడుతోంది. మా క్లినిక్కుకి వచ్చే తెలుగువారు సంకోచంగా మొదలుపెడతారు: "అన్నం మానేశానండీ, పూర్తిగా మానేశాను. షుగరు దిగింది. కానీ మా ఆవిడ భయపడుతోంది." ఆ భర్త చెప్పేదీ నిజమే, ఆ ఇల్లాలి భయమూ నిజమే. ఆ రెండిటినీ ఒకేచోట పెట్టి చూడడమే ఇవాళ్టి పని.

సుబ్బారావు గారితో దీనికి సంబంధం ఏమిటంటారా? చాలా ఉంది.

1. కండరం నుంచి కార్జం దాకా

1895లో భీమవరంలో పుట్టిన ఆ మనిషి జీవితాన్ని తిండికి సంబంధించిన జబ్బే మలుపు తిప్పింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. తిన్నది ఒంటికి పట్టకపోవడం, విరేచనాలు, నాలుక పూత, రక్తం తగ్గిపోవడం ఆ జబ్బు లక్షణాలు. తరవాత అది సుబ్బారావు గారినీ పట్టుకుంది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. ఆ కాలంలో స్ప్రూకి దొరల వైద్యం ఏమిటో తెలుసా? ఒక పద్ధతిలో పాలు మాత్రమే. ఇంకో పద్ధతిలో కొవ్వు తీసిన గొడ్డుమాంసం, వేడినీళ్ళు. అంటే మాంసం మీదే రోగిని నిలబెట్టాలన్న ఆలోచన వైద్యానికి కొత్తది కాదు.

సుబ్బారావు గారు 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. దాని సాయంతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. ఆపైన ఏటీపీ మీద పనిచేశారు. మనం మాంసం అనుకుని తినేది కండరమే కదా. అది బతికున్నప్పుడు శక్తిని ఎలా దాచుకుంటుందో ప్రపంచానికి చెప్పినవారిలో మన భీమవరం మనిషి ఒకరు.

ఆ తరవాత ఆయన చూపు కార్జం మీదకి మళ్ళింది. 1926లో మైనట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు ప్రాణాంతకమైన రక్తహీనతకు రోజుకి అరపౌను దాకా కార్జం తినిపించి రోగులను బతికించారు. ఆ పనికి 1934లో మైనట్, మర్ఫీలకు, వారికంటే ముందు కుక్కల మీద ఆ దారి చూపిన విపుల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కార్జం పనిచేస్తోందని ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. సుబ్బారావు గారివంటివారు అక్కడితో ఆగలేదు. కార్జంలో ఏది పనిచేస్తోందని అడిగారు. ఆ ప్రశ్న పట్టుకుని వెళ్ళగా వెళ్ళగా, 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను మింగిన స్ప్రూకి అది మందయింది. 1948లో విటమిన్ బి12 కూడా విడిగా దొరికింది. ఇవాళ గర్భిణికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఎన్ని పైసలో అందరికీ తెలుసు. రోజూ పచ్చి కార్జం నమలాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఒక ఆహారం పనిచేసిందని తెలిశాక, అందులో ఏది పనిచేసిందో అడగాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మాంసమే భోజనంగా పెట్టుకున్నవారి అనుభవాలను ఈ ప్రశ్నతోనే చూద్దాం.

2. ముగ్గురు సాక్షులు

మొదటి సాక్షి ఒక రోగి. 1790లలో బ్రిటిష్ సైనిక వైద్యుడు జాన్ రోలో దగ్గరకి కెప్టెన్ మెరెడిత్ అనే మధుమేహ రోగి వచ్చాడు. రోలో అతనికి పిండి పదార్థాలు బాగా తగ్గించి మాంసం, కొవ్వు, పాలు పెట్టించాడు. రోగి మూత్రంలో తీపి తగ్గింది, మనిషి తేరుకున్నాడు. రోలో 1797లో దాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. ఇన్సులిన్ దొరకడానికి అప్పటికింకా 120 ఏళ్ళకు పైగా ఉంది. పిండి పదార్థం తగ్గిస్తే షుగరు తగ్గుతుందని అంత ముందే చూసిన వైద్యుడు ఆయన.

రెండో సాక్షి విల్హాల్మర్ స్టెఫాన్సన్, ఆర్కిటిక్ యాత్రికుడు. ఇన్యూట్ ప్రజలతో కలిసి ఏళ్ళపాటు మాంసం, చేప తిని బతికానని ఆయన చెబితే న్యూయార్క్ వైద్యులు నమ్మలేదు. దాంతో 1928లో ఆయనా, ఆయన సహచరుడు కార్‌స్టెన్ ఆండర్సన్ బెల్వ్యూ ఆసుపత్రిలో పరిశీలనకు ఒప్పుకున్నారు. మొదట్లో వార్డులోనే కాపలా మధ్య, తరవాత బయట, మొత్తం ఏడాదిపాటు మాంసమే తిన్నారు. యూజీన్ డుబాయ్, వాల్టర్ మెక్లెలన్ 1930లో ఫలితాలు ప్రచురించారు. స్కర్వీ రాలేదు. రక్తపోటు పెరగలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్న జాడ కనబడలేదు. ఒక మాట మాత్రం దాచకూడదు: ఈ పరిశోధనకు డబ్బిచ్చినది అమెరికా మాంసం వ్యాపారుల సంస్థ. చేసినవారు గట్టి శాస్త్రవేత్తలే, పని నిజాయితీగానే జరిగింది. కానీ పరీక్షకు కూర్చున్నది ఇద్దరే, గడిచినది ఒక్క ఏడాదే.

ఆ ఏడాదిలో నాకు అన్నిటికంటే విలువైనదనిపించే ఘట్టం మొదటి మూడురోజుల్లోనే జరిగింది. వైద్యులు స్టెఫాన్సన్‌కి కావాలనే కొవ్వు లేని మాంసం పెట్టారు. మూడోరోజుకల్లా వికారం, విరేచనాలు, నీరసం. కొవ్వున్న ముక్కలు, కొవ్వులో వేయించిన మెదడు పెట్టగానే తేరుకున్నాడు. ఆ తరవాత ఆయన తిన్నదాంట్లో శక్తి లెక్కన మూడొంతుల పైచిలుకు కొవ్వు నుంచే వచ్చింది. మాంసాహారం అని మనం పేరు పెడతాం కానీ అది నడిచేది కొవ్వు మీద.

స్టెఫాన్సన్ తరవాత మామూలు భోజనానికి వచ్చాడు. ముసలితనంలో పక్షవాతం వచ్చాక మళ్ళీ మాంసానికి మళ్ళాడు. 1962లో, 82 ఏళ్ళ వయసులో పోయాడు.

మూడో సాక్షి ఓస్లీ స్టాన్లీ. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందానికి సౌండ్ ఇంజనీరు, ఎల్‌ఎస్‌డీ తయారీలో ప్రసిద్ధుడు. 1959లో మాంసం మీదకి మారి, 2011లో ఆస్ట్రేలియాలో కారు ప్రమాదంలో చనిపోయేదాకా, అంటే యాభై ఏళ్ళకు పైగా, దాన్నే పట్టుకున్నాడు. ఇంత పొడవైన అనుభవం ఇంకొకరిది చెప్పడం కష్టం. చనిపోయేనాటికి 76 ఏళ్ళు. మధ్యలో గొంతు క్యాన్సరు వచ్చింది, చికిత్సతో బయటపడ్డాడు. తన మాంసాహారం ఆ గడ్డను ఆకలితో మాడ్చిందని చెప్పుకున్నాడు. గుండెపోటూ వచ్చింది. దానికి కారణం చిన్నప్పుడు వాళ్ళమ్మ బలవంతాన తినిపించిన బ్రకోలీ అన్నాడు!

మీరు నవ్వుతున్నారు. నవ్వండి కానీ ఆ మాటను జాగ్రత్తగా చూడండి. మంచి జరిగితే మాంసం వల్ల, చెడు జరిగితే యాభై ఏళ్ళ కిందటి బ్రకోలీ వల్ల. ఆ మనిషి మేధావి, అబద్ధాలకోరు కాడు. తన ఒంటిమీద తానే ప్రయోగం చేసుకునే ఎవరైనా ఇలాగే లెక్క రాసుకుంటారు. సాక్షి తాను చూసినది చెప్పగలడు, గోడ అవతల జరిగింది చెప్పలేడు. ఆకలి, నిద్ర, బరువు, ఉత్సాహం, కడుపు ఉబ్బరం, ఇవన్నీ గోడకు ఇవతలివి, మనకు తెలుస్తాయి. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకోవడం అవతలిది. అది ఇరవై ఏళ్ళు కిక్కురుమనకుండా ఉంటుంది.

3. మనవాళ్ళ మూడు మార్గాలు

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. తిండి మార్చుకుంటే జబ్బు పోతుందన్న మాటను తెలుగువారు విన్నంత శ్రద్ధగా ఇంకెవరూ వినరేమో. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేకుండా వండమంటే వండుకున్నాం. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ గారు, 2023లో పద్మశ్రీ అందుకున్నాయన, కొర్రలు, అండుకొర్రలు, అరికలు, సామలు, ఊదలు తినమంటే మిక్సీ పక్కన సిరిధాన్యాల డబ్బాలు వెలిశాయి. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు వచ్చి బియ్యం, చిరుధాన్యం అన్నీ పక్కన పెట్టి కొవ్వు తాగమన్నారు. విజయవాడ నుంచి హైదరాబాదు దాకా సభలు కిక్కిరిశాయి. బెంగళూరు తెలుగు ఇళ్ళలోకి ఆ వీడియోలు వాట్సాప్ ద్వారా నడిచివచ్చాయి.

మన వాళ్ళలో పిండి పదార్థమే లేని జీరో కార్బ్‌కి అతి దగ్గరగా వెళ్ళిన పెద్ద సామూహిక అనుభవం ఈ మూడోదే. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నాలుగు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. ఆయన వీటిని నాలుగు పిల్లర్లు అన్నారు. లిక్విడ్ డైట్ ఒకటి, సాలిడ్ డైట్ ఒకటి. సాలిడ్‌లో మాంసం, గుడ్లు, చేపలతో పాటు కొన్ని కూరగాయలు, పనీరు ఉన్నాయి కాబట్టి అది అచ్చంగా మాంసాహారం కాదు. ఆయన వైద్యులు కారు. వైద్యులు టీవీ చర్చల్లో ఆయనతో గట్టిగానే తలపడ్డారు. ఆ గొడవలో ఎవరు గెలిచారన్నది నాకు ముఖ్యం కాదు. ఆ నాలుగు పిల్లర్లలో ఒక తెలివి ఉంది, దాన్ని చూపించాలి.

మాంసం మటుకే తినే అమెరికన్ తినేది రిబ్ ఐ అనే గొడ్డుమాంసపు ముక్క. ఆ ముక్కలో కొవ్వు నరనరానా అల్లుకుని ఉంటుంది. అది ఈ ఊళ్ళో వీధి చివర దొరికే సరుకు కాదు. కర్ణాటకలో 2021 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం 13 ఏళ్ళు దాటిన గేదెలను తప్ప పశువులను కోయకూడదు. మనకు దొరికేది మేక, గొర్రె, కోడి, చేప. బన్నూరు గొర్రెకు కొవ్వున్న మాంసమని మండ్య, మైసూరు వైపు పెద్ద పేరుంది. కానీ మామూలు మేకమాంసం వంద గ్రాముల్లో కొవ్వు రెండు మూడు గ్రాములకు మించదు, ప్రోటీన్ 20 గ్రాముల దాకా ఉంటుంది. దానికి తోడు మన అలవాటు ఏమిటి? కొట్టు ముందు నిలబడి, "కొవ్వు తీసెయ్, బోన్ లెస్ ఎక్కువ వెయ్" అంటాం. కోడి అయితే స్కిన్ లెస్. మొద్దు మీద కత్తి రెండుసార్లు ఆడి, తెల్లటి కొవ్వంతా పక్క బుట్టలో పడుతుంది. కార్జం, బోటీ, తలకాయ, కాళ్ళు, మూలుగ ఎముక వేరేవాళ్ళు పట్టుకెళతారు. స్టెఫాన్సన్‌ని మూడురోజుల్లో పడగొట్టిన తిండి సరిగ్గా ఇదే.

లెక్క వేసి చూడండి. రోజుకి 2,000 క్యాలరీలు కావాలనుకుందాం. అవి చర్మం తీసిన కోడి బ్రెస్ట్ నుంచే రావాలంటే దాదాపు కిలో 700 గ్రాములు తినాలి. దాంట్లో ప్రోటీనే 390 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అంత ప్రోటీన్‌ను యూరియాగా మార్చి బయటకి పంపడం కాలేయానికి రోజూ సాధ్యమయ్యే పని కాదు. మేకమాంసం 600 గ్రాములు తింటే ప్రోటీన్ 125 గ్రాములకు చేరుతుంది, అది చాలు. కానీ కొవ్వు 14 గ్రాములే. మిగతా శక్తికి పది పెద్ద చెంచాలు దాటిన నెయ్యి కావాలి. కొబ్బరినూనె, నెయ్యి, వెన్న విడిగా తాగమని రామకృష్ణ గారు చెప్పాల్సి రావడం ఇందుకేనని నేననుకుంటాను. మాంసంలో లేని కొవ్వును గ్లాసులో పోసి ఇస్తున్నారు. నిమ్మకాయ సంగతీ అంతే. తాజా మాంసంలో ఉండే కాస్త విటమిన్ సి కూడా కుక్కరు ఆరు విజిళ్ళు కూసేసరికి చాలావరకు పోతుంది. ఆ లోటును నిమ్మకాయ పూడుస్తుంది.

4. మొదటి నెలలో ఒంట్లో జరిగేది

అన్నం మానినవారు చెప్పే మొదటి మాట: "వారంలో మూడు కిలోలు దిగాను." నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం నీరు. కాలేయంలో, కండరాల్లో కలిపి నాలుగైదు వందల గ్రాముల గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిలవ ఉంటుంది. ఒక్కో గ్రామును పట్టుకుని మూడు గ్రాముల నీరుంటుంది. నిలవ కరిగితే నీరూ పోతుంది. ఇన్సులిన్ పడిపోవడంతో మూత్రపిండాలు ఉప్పునూ వదిలేస్తాయి. తలనొప్పి, పిక్కలు పట్టేయడం, నిలబడితే కళ్ళు తిరగడం దాని ఫలితమే. జావ తాగినట్టు ఉప్పేసిన ఎముకల సూపు తాగితే చాలామందికి తగ్గుతుంది.

ఆ తరవాత కాలేయం రెండు పనులు చేస్తుంది. ప్రోటీన్ నుంచీ, కొవ్వులోని గ్లిసరాల్ నుంచీ కావలసినంత గ్లూకోజ్ తానే తయారు చేసుకుంటుంది. కొవ్వు నుంచి కీటోన్లు చేసి మెదడుకు పంపుతుంది. వారాలపాటు ఉపవాసమున్న మెదడు తన ఇంధనంలో సగానికి పైగా కీటోన్లే వాడగలదని జార్జ్ కేహిల్ బృందం 1960లలో చూపించింది. కాబట్టి పిండి పదార్థం తినకపోతే మెదడు ఆగిపోతుందన్న బెదిరింపులో నిజం లేదు. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలకు 1921 నుంచీ కీటోజెనిక్ ఆహారం వాడుతున్నారు. మందులకు లొంగని మూర్ఛల్లో మన దేశపు ఆసుపత్రుల్లోనూ అది వైద్యమే. అయితే అక్కడ తూకం వేసి పెట్టే డైటీషియను ఉంటుంది, పరీక్షలు ఉంటాయి, ఆపే రోజు ఉంటుంది.

"ఇన్యూట్‌లు బతకలేదా?" అని అడుగుతారు. బతికారు. వారు సీల్ కొవ్వు, చేప, కార్జం, తిమింగలం చర్మం తిన్నారు, కొంత పచ్చిగానే తిన్నారు. పైగా ఆర్కిటిక్ ప్రజల్లో చాలామందికి సీపీటీ1ఏ అనే జన్యువులో ఒక మార్పు ఉందని తేలింది. ఆ మార్పు కొవ్వు నుంచి కీటోన్లు తయారుకావడాన్ని తగ్గిస్తుంది. వేల ఏళ్ళపాటు కొవ్వు తిన్న జాతిలో ప్రకృతి ఎంచుకున్న దారి, మన కీటోన్ మీటర్లు మెచ్చుకునే దారికి ఎదురుగా ఉంది. కోనసీమలో తాతముత్తాతల నుంచీ వరి తిన్నవాడు వారి పేరు చెప్పుకుని ధీమా పడడం కుదరదు.

5. ఒక రిపోర్టు చదువుదాం

హార్వర్డ్‌కు చెందిన పరిశోధకులు 2021లో ఒక సర్వే ప్రచురించారు. కనీసం ఆరు నెలలుగా మాంసాహారమే తింటున్న 2,029 మంది తమ సంగతి తామే చెప్పారు. ఎక్కువమంది సంతృప్తిగా ఉన్నారు. బరువు తగ్గింది, మధుమేహం ఉన్నవారిలో చాలామంది మందులు తగ్గించుకున్నారు. మానేసినవారు, పడనివారు ఇలాంటి సర్వేకి జవాబు రాయరని గుర్తుపెట్టుకోవాలి. అయినా వారిలో రక్తపరీక్షల అంకెలు ఇచ్చినవారి మధ్యస్థ విలువలు చూడండి: ట్రైగ్లిజరైడ్లు 68, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 68, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 172.

ఈ కాగితం మా టేబుల్ మీదకి వచ్చిందనుకోండి. ట్రైగ్లిజరైడ్లు 68 చూసి నేను సంతోషిస్తాను. అన్నం, చక్కెర తినే మనవారిలో అది 200 దాటడం రోజూ చూస్తాను. హెచ్‌డీఎల్ బాగుంది. మూడో అంకె దగ్గర ఆగిపోతాను. 172 అంటే మామూలు మనిషికైతే మందు గురించి మాట్లాడే అంకె. "అది పెద్ద సైజు ఎల్‌డీఎల్ అండీ, పరవాలేదు" అని రోగి అంటాడు. ఎల్‌డీఎల్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాలు పూడతాయన్నది జన్యు అధ్యయనాలు, మందుల ట్రయల్స్ అన్నీ కలిసి చెప్పిన మాట. ట్రైగ్లిజరైడ్లు బాగున్నంత మాత్రాన దానికి మినహాయింపు దొరకదు.

మనకు ఇంకో చిక్కుంది. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వచ్చింది, మిగతా దేశాల్లో అది 59 దగ్గర ఉంది. ఈ నగరంలోనే జయదేవ హృద్రోగ సంస్థలో నలభై దాటని వయసులో గుండె జబ్బుతో వచ్చినవారి కోసం విడిగా ఒక రిజిస్టరే పెట్టారు. ఈ నేల మీద ఎల్‌డీఎల్ 172ని తేలిగ్గా తీసుకోలేం.

6. ఇంతకీ పనిచేసింది ఏది?

ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో మధుమేహులు 10.1 కోట్లని లెక్క తేల్చింది. అదే అధ్యయనం 2025లో మనం తినే క్యాలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని చూపింది. వాటిలో ఎక్కువ భాగం తెల్లబియ్యం, మర ఆడించిన గోధుమ, చక్కెర. మొత్తం క్యాలరీల్లో కేవలం 5 శాతం మేర పిండి పదార్థాన్ని పప్పులు, పాల ఉత్పత్తుల ప్రోటీన్‌తో భర్తీ చేసినా మధుమేహం ముప్పు తగ్గుతుందని ఆ విశ్లేషణ చెప్పింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ధాన్యం వాటాను 45 శాతానికి దించమంటున్నాయి.

ఇక్కడ సుబ్బారావు గారి ప్రశ్న వేద్దాం. రెసిడెన్సీ రోడ్డు ఆంధ్రా మెస్సులో మూడుసార్లు అన్నం మారువడ్డించుకుని, నాలుగింటికి టీతో బిస్కట్లు, ఆరింటికి మిర్చి బజ్జీ, రాత్రి మళ్ళీ అన్నం తిన్న మనిషి ఒక్కసారిగా గుడ్లు, మటన్, నెయ్యికి మారాడు. షుగరు దిగింది. దింపినది మటనా? అతని పళ్ళెంలోంచి ఒకేరోజు ఆరేడు వస్తువులు పోయాయి: తెల్లన్నం, చక్కెర టీ, బిస్కట్లు, మైదా, నూనెలో వేగిన శనగపిండి, స్వీట్లు, రాత్రి పదకొండింటికి పది నిమిషాల్లో ఇంటికొచ్చే పొట్లాలు. ప్రోటీన్ పెరగడంతో ఆకలి తగ్గింది. రోజుకి రెండుపూటలే తింటున్నాడు. నడుముకొలత నాలుగంగుళాలు తగ్గితే ఎవరి షుగరైనా దిగుతుంది.

మాంసాహారమే తినేవారి అనుభవంలో మేలు జరిగినదాంట్లో సింహభాగం తీసేసినవాటి పుణ్యమే అని నా నమ్మకం. తిన్నదాంట్లో మేలు చేసినది ప్రోటీన్, ఇనుము, బి12. ఆ బి12 శాకాహార కుటుంబాల్లో ఎంత తక్కువో ఈ ఊరి ల్యాబులన్నిటికీ తెలుసు. ఆ మేలు పొందడానికి తోటకూర, బీరకాయ, గోంగూర, పప్పు, పెరుగు మానాల్సిన అవసరం ఏదీ ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. రోలో తన కెప్టెన్‌కు చేసిన మేలు ఇవాళ గుప్పెడు అన్నం, రెండు గరిటెల పప్పు, పెద్ద గిన్నెడు కూర, గుడ్డో చేపముక్కో పెట్టుకున్నా చాలామందికి అందుతుంది. బెంగళూరు మిలిటరీ హోటళ్ళు తలమాంసం పక్కన రాగి ముద్ద పెట్టే ఆ పళ్ళెంలో ముద్ద సైజు సగానికి తగ్గిస్తే ఆరోగ్యకరమైన భోజనమే అవుతుంది.

అయినా కొందరికి మధ్యేమార్గం పనికిరాదు. అన్నం ఒక్క ముద్ద తిన్నా చేతిని ఆపుకోలేమంటారు. వారి మాటనూ నేను నమ్ముతాను. పూర్తిగా మానడం కొందరికి సగం మానడం కంటే తేలిక. ఉగాది మర్నాడు హొసతొడకు రోజున మైసూరు రోడ్డు మటన్ కొట్ల ముందు తెల్లారకముందే బారులు తీరే ఈ ఊళ్ళో వారికి సరుకుకి లోటుండదు. గాంధీ జయంతి, మహావీర్ జయంతి వంటి రోజుల్లో కొట్లు మూస్తారు, ముందురోజే కొనుక్కుంటారు. జేబుకు మాత్రం చిల్లు పడుతుంది. కిలో ఎనిమిది వందలు దాటిన మటన్‌ను రోజూ కొనగలిగేది ఏ ఇంట్లోనని కూడా అడగాలి. వారి దారి వారు ఎంచుకోవచ్చు. వైద్యుడిగా నేను కోరేవి కొన్నే.

7. ఈ దారి పట్టేవారికి

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం మానితే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మాత్రలు వాడేవారికి ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదకి రావచ్చు. వాంతులు, ఆయాసం మొదలైతే మీటరు చూసి ఊరుకోకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. టైప్ 1 మధుమేహులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి సొంతంగా వెళ్ళకూడదు.

గర్భిణుల మాట వచ్చింది కాబట్టి సుబ్బారావు గారి ఫోలిక్ యాసిడ్ మళ్ళీ గుర్తుచేయాలి. కండమాంసంలో ఫోలేట్ నామమాత్రం. కోడి కార్జం వంద గ్రాముల్లో పెద్దవారి రోజు అవసరాన్ని మించి ఉంటుంది. బోన్‌లెస్ మాత్రమే తినేవారు దాన్ని కోల్పోతారు. అలాగని రోజూ కార్జం తింటే విటమిన్ ఏ మోతాదు మించుతుంది, గర్భంలో బిడ్డకు అది హానికరం. గర్భిణులు కానివారికి వారానికోసారి చాలు. యూరిక్ యాసిడ్, మూత్రపిండాల్లో రాళ్ళ చరిత్ర ఉన్నవారు ముందే చెప్పాలి. సాసేజీలు, బేకన్ వంటి నిలవ మాంసాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వాటిని మాంసం లెక్కలో వేసుకోవద్దు.

మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలయ్యాక ఒకసారి, ఆపైన ఏడాదికోసారి పరీక్షలు చేయించండి: ఎల్‌డీఎల్, అపో బి, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, మూత్రంలో అల్బుమిన్. లైపోప్రోటీన్ ఎ జీవితంలో ఒక్కసారి చాలు. నలభై దాటితే డాక్టరుతో మాట్లాడి గుండె రక్తనాళాల క్యాల్షియం స్కాను. ఎల్‌డీఎల్ ఎగబాకితే రెండు దారులున్నాయి, ఆహారం మార్చడం లేదా మందు వేసుకోవడం. ఆ అంకెనే నమ్మకపోవడం మూడో దారి అనుకోవద్దు.

చివరగా ఈ సభకు ఒక ప్రతిపాదన. ఏళ్ళ తరబడి మాంసమే తిన్నవారి మీద పెద్ద ట్రయల్ ప్రపంచంలో లేదు. ఉన్నవి బెల్వ్యూ ఆసుపత్రిలో ఇద్దరు మనుషులు, ఓస్లీ బ్రకోలీ, తమ కథ తామే చెప్పుకున్న రెండువేలమంది. ఈ ఊళ్ళో మాత్రం షుగరును నిరంతరం కొలిచే సీజీఎం పరికరాన్ని చేతికి అతికించుకుని, ప్రతి ముద్దనూ ఫోనులో నమోదు చేసుకునే జనం ఉన్నారు. సెయింట్ జాన్స్ వంటి పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. అన్నం మానిన తెలుగువారు, కన్నడిగులు, తమిళులు ఎవరైనా సరే, తమ రక్తపరీక్షలను పేర్లు తీసేసి ఒకచోట పదేళ్ళపాటు దాచేందుకు ఒప్పుకోవాలి. మానేసినవారినీ, పడనివారినీ అందులో చేర్చుకోవాలి. పప్పన్నం తగ్గించి తిన్నవారినీ వారి పక్కన కూర్చోబెట్టి పోల్చాలి. ఆ రిజిస్టరు మొదలైతే, మాంసాహారంలో పనిచేసినది ఏదో, అది ఎవరికి పనిచేసిందో, ఎవరికి చెరుపు చేసిందో మనమే చెప్పగలుగుతాం. సుబ్బారావు గారి పేరిట ఏర్పడిన ఏ నిధి అయినా ఖర్చు పెట్టడానికి ఇంతకంటే మంచి పని నాకు తోచడం లేదు. మొదటి ఏడాది ఖర్చుకు నా వంతు ఇవ్వడానికి నేను సిద్ధం.